రెండు షిల్లింగుల పుస్తకం

1765 మార్చిలో బ్రిటిష్ పార్లమెంటు చేసిన స్టాంపు చట్టం సంగతి అందరం హైస్కూలు పాఠాల్లో చదువుకున్నదే. అమెరికాలోని పదమూడు వలసల్లో దస్తావేజులు, వీలునామాలు, పట్టాలు, వార్తాపత్రికలు, పంచాంగాలు, చివరికి పేకముక్కలూ పాచికలూ కూడా స్టాంపు ముద్ర పడి పన్ను కట్టినవే చెల్లాలన్నారు. మమ్మల్ని అడక్కుండా మా మీద పన్నేమిటని వలసవాసులు తిరగబడ్డారు. పాఠం అక్కడితో అయిపోతుంది. కానీ ఆ చట్టం పూర్తి పాఠం తీసి చదివితే పన్నుల పట్టికలో మరో చిన్న నిబంధన కనిపిస్తుంది. కాగితం మీది రాత ఇంగ్లీషులో కాక వేరే ఏ భాషలో ఉన్నా పన్ను రెట్టింపు.

సొంత రాష్ట్రంలో ఉండి చదివేవాళ్లు ఆ వాక్యాన్ని గమనించకుండా దాటిపోవచ్చు. షోలాపూర్‌లో ముప్ఫై ఏళ్లు చరిత్ర పాఠాలు చెప్పి, ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, కచేరీలో ఇంకో భాషతో నెట్టుకొచ్చిన నాకు చూపు అక్కడే ఆగింది. ఇంగ్లీషు కాని భాషలో రాసుకునేవాళ్లు అప్పుడు ఆ దేశంలో ఎవరున్నారు? వాళ్లకి స్వాతంత్ర్యం మాట ఎవరు చెప్పారు, ఏ భాషలో చెప్పారు? ఆ ప్రశ్నలు పట్టుకుని వెళితే అమెరికా స్వాతంత్ర్యానికి దారి వేసిన చిన్న పుస్తకాల కథ నేను ఇన్నాళ్లూ చెప్పిన దానికంటే వేరుగా కనిపించింది. అదే ఇక్కడ చెప్పుకుంటాను.

ఇంగ్లీషు కాని వాళ్లంటే ముఖ్యంగా జర్మన్లు. పెన్సిల్వేనియా వలసలో ప్రతి ముగ్గురిలో ఇంచుమించు ఒకరు జర్మను మాట్లాడేవాళ్లే. ఫిలడెల్ఫియా పక్కనే జర్మన్‌టౌన్‌లో క్రిస్టోఫర్ సౌవర్ 1738లోనే జర్మను అచ్చుకూటం పెట్టాడు. 1743లో అక్కడే బైబిలు అచ్చయింది. అమెరికా గడ్డమీద యూరపు భాషలో అచ్చయిన మొదటి బైబిలు అదే, అదీ ఇంగ్లీషులో కాదు. ఈ జర్మన్లంటే బెంజమిన్ ఫ్రాంక్లిన్‌కి గుబులుగా ఉండేది. 1732లో వాళ్లకోసం ఆయనే ఒక జర్మను పత్రిక పెట్టి చూశాడు, నిలవలేదు. 1751లో రాసిన ఒక వ్యాసంలో, ఇలా గుంపులుగా వచ్చిపడితే వీళ్లు మన భాష నేర్చుకునే మాట దేవుడెరుగు, మనల్నే జర్మన్లుగా మార్చేస్తారని వాపోయాడు. ఆ మాట ఊరికే పోలేదు. 1764 ఎన్నికల్లో ప్రత్యర్థులు దాన్ని వెతికి తీసి జర్మను ఇళ్లలో ప్రచారం చేశారు, ఫ్రాంక్లిన్ ఓడిపోయాడు. రాసింది రాయిలా ఉండిపోతుందని అచ్చుపని చేసే మనిషికే తెలియకపోవడం వింత.

సరే, పాంప్లెట్టు సంగతికి వద్దాం. మన ఊళ్లలో పాంప్లెట్టంటే ఎన్నికలప్పుడు ఆటోలోంచి విసిరే ఒంటి కాగితం. అప్పటి పాంప్లెట్టు అది కాదు. అచ్చుకాగితాలు నాలుగైదు మడతపెట్టి, దారంతో ఒకటి రెండు కుట్లు వేసి, అట్ట లేకుండా అమ్మే చిన్న పుస్తకం. పది పేజీల నుంచి యాభై, మరీ అయితే ఎనభై. ఒకటి రెండు షిల్లింగుల ధర. వార్తాపత్రికలో పట్టనంత వాదన, పెద్ద పుస్తకంగా రాసే తీరికలేనంత తొందర ఉన్నప్పుడు అది పుట్టేది. ఈ తగాదా మీద 1750కీ 1776కీ మధ్య వలసల్లో నాలుగు వందలకు పైగా ఇటువంటివి అచ్చయ్యాయనీ, 1783 నాటికి పదిహేను వందలు దాటాయనీ బెర్నార్డ్ బెయ్‌లిన్ అనే చరిత్రకారుడు లెక్కవేశాడు. ఊరికో అచ్చుయంత్రం కూడా లేని దేశంలో అది తక్కువ సంఖ్య కాదు.

మొదటి పదేళ్లూ వీటిని రాసినవాళ్లు ఎక్కువమంది వకీళ్లు. 1764లో బోస్టన్‌లో జేమ్స్ ఓటిస్, మరుసటేడు అనాపొలిస్‌లో డేనియల్ డులానీ రాసినవి పేరుపడ్డాయి. ప్రతినిధి లేనిచోట పన్ను వేసే హక్కు పార్లమెంటుకు లేదన్నది వాటి సారం. వాదన గట్టిదే. కానీ చదవబోతే పేజీకో లాటిను ముక్క, పాత ఇంగ్లీషు చట్టాల ఉదాహరణలు, అడుగున సన్నక్షరాల్లో వివరణలు. ఒక వకీలు ఇంకో వకీలుకు రాసుకున్నట్టు ఉంటాయి. పైగా వీళ్లందరూ అడిగింది ఒకటే: మేమూ ఇంగ్లీషువాళ్లమే, ఇంగ్లీషువాళ్ల హక్కులు మాకూ ఇవ్వండి. ఆ వాదనలో మూడోవంతు జర్మన్లకు చోటెక్కడ? తాను ఇంగ్లీషువాడినని ఏ జర్మను రైతు చెప్పుకోగలడు?

ఆ కాలపు రచనల్లో అందరికంటే ఎక్కువమంది చదివింది జాన్ డికిన్సన్ రాసిన రైతు లేఖలు. 1767 డిసెంబరు నుంచి వరసగా పన్నెండు ఉత్తరాలు పత్రికలో వేశాడు. అప్పటికి వలసల్లో ఇరవై మూడు ఇంగ్లీషు పత్రికలుంటే పందొమ్మిది వాటిని తిరిగి అచ్చు వేసుకున్నాయి. 1768లో పుస్తకంగా వచ్చి అమెరికాలోనే ఏడుసార్లు అచ్చయింది, లండన్‌లో ఫ్రాంక్లిన్ ముందుమాటతో వచ్చింది, ఫ్రెంచిలోకీ వెళ్లింది. పెన్సిల్వేనియాలో ఉండే ఒక మామూలు రైతుని అని మొదలుపెడతాడుగానీ డికిన్సన్ లండన్‌లో చదువుకున్న వకీలు, బాగా కలిగినవాడు. మంచివాడు కూడా, తరవాత తన బానిసలను విడిచిపెట్టాడు. ఆయన ఉత్తరాల్లో మర్యాద ఉంది, బాధ ఉంది, జాగ్రత్త ఉంది. తండ్రిమీద అలిగిన కొడుకు గొంతు అది. ఎనిమిదేళ్ల తరవాత స్వాతంత్ర్యం మీద ఓటింగు వచ్చినప్పుడు ఆ పెద్దమనిషి సభలోకి రాకుండా తప్పుకున్నాడు, ప్రకటన మీద సంతకమూ పెట్టలేదు. జనానికి వాదం నేర్పినవాడే ఆ వాదం చివరిదాకా పోలేకపోయాడు. ఆయన్ని పిరికివాడనడం నాకు ఇష్టం లేదు. యుద్ధం వస్తే తుపాకి పట్టుకుని దళంలోకి వెళ్లినవాడే. రాజు అనే మాటను దాటడం ఆయనకు చేతకాలేదు, అంతే.

ఇదే డికిన్సన్ 1773 నవంబరులో రస్టికస్ అనే మారుపేరుతో ఒక కాగితం వేశాడు. మనవాళ్లకు దాని గురించి చెప్పి తీరాలి. బోస్టన్ రేవులో టీ పెట్టెలు సముద్రంలో పారేసిన కథ తెలిసిందే కదా, ఆ టీ ఈస్టిండియా కంపెనీది. ఇంకా ఓడలు రాకముందే డికిన్సన్ హెచ్చరించాడు: ఈ కంపెనీ ఆసియాలో ఏంచేసిందో చూడండి, యుద్ధాలు చేసింది, రాజులను దించింది, బెంగాలులో ఒక్క ఏడాదిలో పదిహేను లక్షలమంది ఆకలితో చచ్చారట, భూమి పండక కాదు, కంపెనీవాళ్లు తిండిగింజలు గుప్పిట్లో పెట్టుకుని ధర పెంచేయడం వల్ల. మన దగ్గర కూడా అదే చేస్తారు, అన్నాడు. 1770 నాటి బెంగాలు కరువు ఫిలడెల్ఫియా వీధుల్లో ఒక వాదనగా వాడబడింది! స్టాంపు చట్టం వచ్చిన 1765లోనే ఢిల్లీ పాదుషా దగ్గర కంపెనీ బెంగాలు దివానీతోపాటు ఉత్తర సర్కారులకూ ఫర్మానా పుచ్చుకుంది. మరుసటేడు నిజాం అలీ సంధి రాసిచ్చాడు. శ్రీకాకుళం నుంచి గుంటూరు దాకా తెలుగు కోస్తా కంపెనీ చేతికి అలా పోయింది. అమెరికావాళ్లు కంపెనీ పేరు చెప్పి భయపడుతున్న కాలానికి బరంపురం, విశాఖపట్నం, మచిలీపట్నం జనం దాన్ని అనుభవిస్తున్నారు. తేడా ఒకటే, మనవాళ్ల దగ్గర అచ్చుయంత్రం లేదు.

1775 ఏప్రిల్ 19న లెగ్జింగ్టన్‌లో తుపాకులు పేలాయి. జూన్‌లో బంకర్ హిల్ దగ్గర పెద్ద పోరు జరిగింది. మామూలు లెక్కన ఇక స్వాతంత్ర్యం అనేయాలి. అనలేదు. జూలైలో కాంగ్రెసు మహాసభ రాజుకు మరో విన్నపం పంపింది, రాసింది డికిన్సనే. తప్పంతా మంత్రులది, పార్లమెంటుది, మహారాజు మంచివాడే, ఆయనకు సంగతి తెలిస్తే చక్కబెడతాడు అన్న నమ్మకం. అమలుదారు దుర్మార్గుడు, పైనున్న దొర ధర్మప్రభువు అనుకోవడం మన పల్లెల్లోనూ ఎంతకాలం సాగిందో చూశాం కదా. మూడో జార్జి ఆ విన్నపం అందుకోను కూడా అందుకోలేదు. ఆగస్టులో వలసవాసులు తిరుగుబాటుదార్లని ప్రకటించాడు. నెత్తురు కారుతూనే ఉంది, స్వాతంత్ర్యం అన్న మాట మాత్రం పెద్దమనుషుల సభలో బూతుమాటలా ఉంది. పదేళ్లపాటు వందల కొద్దీ రాసిన చిన్న పుస్తకాలు ఆ గుమ్మం దాకా తెచ్చి వదిలేశాయి.

గుమ్మం దాటించినవాడు అమెరికా వచ్చి పధ్నాలుగు నెలలు కూడా నిండని ఇంగ్లీషువాడు. థామస్ పెయిన్ 1737లో ఇంగ్లండులోని థెట్‌ఫర్డ్‌లో పుట్టాడు. తండ్రి ఆడవాళ్లు నడుముకు బిగించుకునే చట్రాల రవికలు కుట్టేవాడు. పన్నెండు పదమూడేళ్లకే బడి మాని ఆ పనిలో కూర్చున్నాడు. తరవాత ఎక్సైజు శాఖలో చిన్న ఉద్యోగం. ఒకసారి ఊడింది, మళ్లీ వచ్చింది. లూయిస్ అనే ఊళ్లో పనిచేస్తున్నప్పుడు, ఏడాదికి యాభై పౌన్ల జీతంతో ఎక్సైజు గుమాస్తాలు ఎలా బతుకుతారు, ఆకలితో ఉన్నవాడు లంచం పట్టక ఏంచేస్తాడు అంటూ 1772లో ఒక చిన్న పుస్తకం రాసి పార్లమెంటు సభ్యులకు పంచాడు. అదే ఆయన మొదటి పాంప్లెట్టు. ఒక్కరూ పట్టించుకోలేదు. 1774లో ఉద్యోగం మళ్లీ పోయింది, సామాను అమ్ముకున్నాడు, భార్యతోనూ విడిపోయాడు. లండన్‌లో ఫ్రాంక్లిన్ పరిచయమై ఒక ఉత్తరం రాసిచ్చాడు. ఆ ఉత్తరం జేబులో పెట్టుకుని 1774 నవంబరు 30న ఫిలడెల్ఫియాలో దిగాడు. దిగాడనడం కూడా సరికాదు. ఓడజ్వరంతో లేవలేని మనిషిని మోసుకుని ఒడ్డుకు తెచ్చారు.

జీతాల గురించి అర్జీ రాసి భంగపడ్డ గుమాస్తా కాబట్టే, అర్జీలు రాస్తే రాజులు కరుగుతారన్న భ్రమ ఈయనకు లేకపోయిందని నా ఊహ. కోలుకుని ఒక మాసపత్రికకు సంపాదకత్వం చేస్తుండగా బెంజమిన్ రష్ అనే యువ వైద్యుడు ఈయన్ని ప్రోత్సహించాడు. రష్‌కీ స్వాతంత్ర్యం మీద రాయాలని ఉంది, కానీ ఊళ్లో వైద్యం చేసుకునే మనిషి, రోగులు రాకపోతే బతుకెలా? పోగొట్టుకోవడానికి ఏమీలేనివాడు పెయిన్. రాసిందానికి సూటి నిజం అన్న అర్థం వచ్చే పేరు పెట్టాలనుకున్నాడు. రష్ సలహాతో కామన్ సెన్స్ అని మార్చాడు. లోకజ్ఞానం అనుకోవచ్చు. మిగతా అచ్చువాళ్లు ముట్టుకోరని తెలిసి రష్ రాబర్ట్ బెల్ పేరు చెప్పాడు. 1776 జనవరి రెండోవారంలో, రాసినవాడి పేరు లేకుండా, రెండు షిల్లింగుల ధరకు ఆ పుస్తకం బయటికొచ్చింది. పార్లమెంటులో వలసలను అణచేస్తామని రాజు చేసిన ప్రసంగం కూడా అదే రోజుల్లో ఫిలడెల్ఫియా చేరింది. పెయిన్ అదృష్టమే అనాలి.

అందులో ఏముంది? పన్నుల గురించి దాదాపు ఏమీ లేదు. ఓటిస్, డులానీ, డికిన్సన్ ఎక్కడ ఆగారో అక్కడ మొదలుపెట్టాడు. మంత్రుల జోలికి పోకుండా తిన్నగా రాజరికం మీదికి వెళ్లాడు. తండ్రి తరవాత కొడుకు రాజవడం ఏం న్యాయం, తండ్రి తెలివి కొడుక్కి ఆస్తిలా వస్తుందా అని అడిగాడు. ఇంగ్లండు రాజవంశానికి మూలపురుషుడెవరయ్యా అంటే, ఫ్రాన్సు నుంచి సాయుధ దొంగలను వెంటేసుకొచ్చి జనం ఇష్టంతో పనిలేకుండా గద్దెనెక్కినవాడు కదా అన్నాడు. ఉన్న మూడో జార్జిని మృగం అన్నంత మాటా అన్నాడు. రాజు మంచివాడన్న నమ్మకం అప్పటిదాకా చిన్నదో పెద్దదో ప్రతి ఇంట్లోనూ ఉంది. బాహాటంగా అచ్చులో దాన్ని తిట్టినవాడు లేడు. ఒకసారి అచ్చులో పడ్డాక, నేనూ అదే అనుకున్నాను సుమా అనేవాళ్లు బయల్దేరారు.

ఇక చెప్పిన తీరు. లాటిను లేదు, చట్టాల ఉదాహరణలు లేవు. ఉదాహరణ కావలసి వస్తే ఏ గడపలోనైనా ఉండే బైబిలు తీశాడు. మాకూ ఓ రాజు కావాలని ఇశ్రాయేలు జనం సమూయేలు ప్రవక్తను అడగడం, రాజు వస్తే మీ కొడుకులను రథాల ముందు పరిగెత్తిస్తాడు, మీ పొలాలు లాక్కుంటాడు, పంటలో పదోవంతు పట్టుకుపోతాడని ఆయన హెచ్చరించడం, ఆ కథంతా విప్పి చెప్పాడు. మన ఊళ్లో రచ్చబండ దగ్గర ధర్మం తేల్చవలసి వస్తే భారతంలో ముక్క చెప్పినట్టే. విచిత్రమేమంటే పెయిన్‌కి ఆ గ్రంథం మీద అంత భక్తి లేదు, తరవాతి కాలంలో దాన్ని తప్పుపడుతూ పెద్ద పుస్తకమే రాశాడు. వినేవాడికి తెలిసిన కథతో మాట్లాడాలన్న పట్టింపు ఆయనది. చదువురానివాళ్లకు సారాదుకాణాల్లో, దళాల గుడారాల్లో ఒకరు చదువుతుంటే పదిమంది విన్నారు. పైకి చదివితే వినబడేలా ఉన్న వాక్యాలు కాబట్టే అది సాధ్యమైంది.

నాకు అన్నిటికంటే పట్టుకున్న చోటు మరొకటి. ఇంగ్లండు మన తల్లి కదా, తల్లిమీద తిరగబడతామా అనేవాళ్లకు పెయిన్ ఇచ్చిన జవాబు అది. అమెరికాకు తల్లి ఇంగ్లండు కాదు, యూరపు మొత్తం, ఈ పెన్సిల్వేనియాలోనే ఇంగ్లీషు సంతతివాళ్లు మూడోవంతు కూడా లేరు అన్నాడు. ఆ లెక్క ఎంత కచ్చితమో పక్కన పెట్టండి. మేమూ ఇంగ్లీషువాళ్లమే అన్న వకీళ్ల వాదన ఒక్క దెబ్బతో పక్కకు పోయింది. జర్మను, డచ్చి, స్కాచి, ఐరిష్ మనిషి కూడా ఈ తగాదాలో సొంత హక్కుతో నిలబడే చోటు దొరికింది. నిన్నగాక మొన్న ఓడ దిగిన పెయిన్‌కీ ఆ చోటే కావాలి మరి.

పుస్తకం అమ్ముడుపోవడంతోనే తగువూ మొదలైంది. లాభంలో తన వాటాతో, కెనడా మీదికి వెళ్లిన సైనికులకు చలికి చేతి తొడుగులు కొనిపెట్టాలని పెయిన్ ఏర్పాటు. లాభమెక్కడిది, ఖర్చే తేలలేదన్నాడు బెల్. రచయితకూ అచ్చువేసినవాడికీ మధ్య ఈ సంభాషణ ప్రపంచంలో ఏ భాషలోనైనా ఒకటే అనుకుంటాను! పెయిన్ కోపంతో బ్రాడ్‌ఫర్డ్‌ల దగ్గరికి వెళ్లి, కొత్త భాగాలు చేర్చి, ఆరువేల ప్రతులు తన ఖర్చుతో వేయించి, ధర సగానికి దించి ఒక షిల్లింగు చేశాడు. బెల్ ఊరుకుంటాడా, అనుమతి లేకుండా తానే రెండో కూర్పు వేశాడు. ఇద్దరూ పత్రికల్లో ప్రకటనలు వేసి తిట్టుకున్నారు. ఆ గొడవతో కొనేవాళ్లు ఇంకా పెరిగారు. చివరికి పెయిన్ హక్కులు వదిలేసుకుని ఎవరైనా అచ్చు వేసుకోవచ్చన్నాడు.

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. ఆ పుస్తకం ఐదు లక్షల ప్రతులు అమ్ముడుపోయిందని ఏళ్ల తరబడి తరగతిలో చెప్పాను. చాలా పుస్తకాల్లో అలాగే ఉంది. మూడు నెలల్లో లక్షా ఇరవై వేలని పెయిన్ స్వయంగా చెప్పుకున్నాడు. కానీ కూర్చుని లెక్కవేస్తే ఏదీ నిలవదు. అప్పటి యంత్రం కొయ్యది. ఇద్దరు మనుషులు సిరా పూసి, కాగితం పెట్టి, కర్ర లాగి ఒక్కో వైపు అచ్చు వేయాలి. మంచి పనివాళ్లు గంటకు రెండు వందల పైచిలుకు కాగితాలకు మించి లాగలేరు. కాగితం గుడ్డపేలికలతో చేసేది, యుద్ధంతో దానికీ కరువే. 1776లో ఆ పుస్తకం ఇరవై ఐదుసార్లు అచ్చయిందంటారు. ఒక్కోసారి మూడువేలు వేశారనుకున్నా డెబ్బై ఐదు వేలు. వలసల జనాభా బానిసలతో కలిపి పాతిక లక్షలు. ఇటీవలి పరిశోధకులు కూడా పెద్ద అంకెలను నమ్మవద్దంటున్నారు. డెబ్బై ఐదు వేలు తక్కువా? అది కూడా అంతకుముందు అక్కడ ఏ చిన్న పుస్తకమూ చూడని సంఖ్య. పెద్ద అంకె చెప్పి పిల్లలను ఆశ్చర్యపరచాలనుకున్న నా బుద్ధి అప్పుడు తోచలేదు.

ఆ ఇరవై ఐదింటిలో ఒకటి జర్మను కూర్పు. ఫిలడెల్ఫియాలో స్టైనర్, సిస్ట్ అనే ఇద్దరు అచ్చుపనివాళ్లు 1776లోనే దాన్ని తమ భాషలో వేశారు. పదకొండేళ్ల కిందట భాషకోసం రెట్టింపు పన్ను కట్టమన్న ప్రభుత్వం మీద, అదే భాషలో. అలాగని జర్మన్లంతా ఒకవైపు వెళ్లలేదు. యుద్ధం పాపమని నమ్మే శాఖలవాళ్లు వాళ్లలో చాలామంది. సౌవర్ కొడుకు ఆ కోవవాడే. తిరుగుబాటుకు తోడ్పడలేదని 1778లో అతని ఆస్తి, అచ్చుకూటం సహా, జప్తుచేసి వేలం వేశారు. తండ్రి కట్టిన మొదటి జర్మను బైబిలు అచ్చుకూటం అలా ముగిసింది.

భాష మహిమ రెండువైపులా తెలిసినట్టుంది. రాజు జర్మను సంస్థానాల నుంచి కిరాయి సైన్యం దింపాడు, యుద్ధం ముగిసేలోపు సుమారు ముప్ఫై వేలమందిని. 1776 ఆగస్టులో కాంగ్రెసు జర్మను భాషలో చిన్న కాగితాలు అచ్చువేయించింది: కత్తి దించి మా వైపు వస్తే ఒక్కొక్కడికి యాభై ఎకరాల భూమి ఇస్తాం. వాటిని శత్రువు దండులోకి పంపడం ఎలా? పొగాకు పొట్లాలకు చుట్టే కాగితాలుగా చేసి పంపారు. ఈ ఏర్పాటు గురించి ముచ్చటగా ఉత్తరం రాసినవాడు ఎవరనుకున్నారు? పాతికేళ్ల కిందట జర్మన్లు మనల్ని మింగేస్తారని బెంగపెట్టుకున్న ఫ్రాంక్లినే.

ఇంతదాకా చెప్పింది ఒకవైపు. పెయిన్‌కు జవాబులు కూడా వచ్చాయి. పెయిన్ మొదట అనుకుని వదిలేసిన పేరుతోనే మేరీలండు భూస్వామి జేమ్స్ చాల్మర్స్ ఒకటి రాశాడు. దాన్ని అచ్చువేసింది ఎవరు? అదే బెల్. వ్యాపారం వ్యాపారమే. న్యూయార్కులో మాత్రం వేరే జరిగింది. చార్లెస్ ఇంగ్లిస్ అనే పాదిరి రాసిన ఖండనను శామ్యూల్ లౌడన్ అనే అచ్చుపనివాడు అచ్చువేశాడు. లౌడన్ రాజు పక్షం కూడా కాదు, స్వాతంత్ర్య పక్షమే, ఉభయుల మాటా జనం చూడాలనుకున్నాడు. 1776 మార్చిలో ఒక రాత్రి స్వేచ్ఛావాదులు అతని ఇంట్లో జొరబడి సుమారు పదిహేను వందల ప్రతులు మోసుకుపోయి తగలబెట్టారు. స్వేచ్ఛ పేరుతో పుస్తకాలు తగలబెట్టినవాళ్లను నేను పాఠంలో ఎప్పుడూ చెప్పలేదు, మా పాఠ్యపుస్తకంలో వాళ్లు లేరు. పెయిన్ గెలిచింది వాదనతోనే అని నమ్ముతాను. కానీ ఎదుటివాడి వాదన బూడిదయ్యాక వచ్చిన గెలుపులో ఎంత వాదనది, ఎంత మంటది అన్నది తేల్చడం కష్టం.

మరొక మాట. ఆ చిన్న పుస్తకాలన్నిటిలో పదే పదే వచ్చే మాట బానిసత్వం. పన్ను కడితే బానిసలమవుతాం, రాజు మమ్మల్ని బానిసలు చేస్తున్నాడు అని. ఆ మాట రాస్తున్నప్పుడు ఆ దేశంలో ప్రతి ఐదుగురిలో ఒకరు నిజంగా బానిస. 1773 ఏప్రిల్‌లో మసాచుసెట్స్‌లోని నలుగురు నల్లజాతి బానిసలు, ఫీలిక్స్ హోల్‌బ్రుక్, పీటర్ బెస్టెస్, సాంబో ఫ్రీమన్, చెస్టర్ జోయీ, ఒక చిన్న కాగితం అచ్చువేయించి ఊరూరి ప్రతినిధులకు పంపారు. తోటి మనుషులు తమను బానిసలు చేయకుండా ఇంత పట్టుదలగా నిలబడిన మీ దగ్గర మాకు న్యాయం ఆశిస్తున్నాం అన్న ధోరణిలో, ఎంతో మర్యాదగా. దానికి ఇరవై ఐదు కూర్పులు రాలేదు. పెయిన్ పుస్తకంలో కూడా నల్లవాళ్లూ ఆదివాసులూ బ్రిటిషువాళ్లు మన మీదికి ఉసిగొల్పినవాళ్లుగానే కనిపిస్తారు. జర్మను రైతుకు చోటు చేసిన ఆ విశాలమైన వాక్యం వాళ్ల దాకా రాలేదు.

వసంతం నాటికి గాలి మారింది. ఫాల్మౌత్, నార్ఫోక్ పట్టణాలు తగలబడిపోయాయి, కిరాయి సైన్యం వస్తోందన్న వార్త వచ్చింది. పుస్తకం ఒక్కటే చేసిందనడం అన్యాయం. కానీ వర్జీనియాలో మనుషుల మనసులు ఈ పుస్తకంతో మారుతున్నాయని వాషింగ్టన్ ఉత్తరాల్లో రాసుకున్నాడు. పెయిన్ చెప్పిన ప్రభుత్వ పద్ధతి నచ్చక జాన్ ఆడమ్స్ పనిగట్టుకుని మరో చిన్న పుస్తకం రాశాడు. మే 15న వర్జీనియా సభ స్వాతంత్ర్యం కోరమని తన ప్రతినిధులకు చెప్పింది. జూలై 2న ఓటు పడింది, 4న ప్రకటన ఆమోదించారు. ఆ రాత్రే ఇంగ్లీషు కాగితాలు అచ్చయ్యాయి. అయితే ప్రకటన ఆమోదమైందన్న వార్త మొట్టమొదట వేసిన వార్తాపత్రిక ఏదీ అంటే, జూలై 5న వచ్చిన హెన్రిక్ మిల్లర్ జర్మను పత్రిక స్టాట్స్‌బోటె. ఇంగ్లీషు పత్రికలకు ఆ రోజు ముద్రణ దినం కాదు, అంతే. కానీ స్వాతంత్ర్యం వచ్చిందని ముందుగా చదువుకున్నది రెట్టింపు పన్ను భాషవాళ్లు.

పెయిన్ తరవాతి జీవితం చెప్పుకుంటూపోతే మరో వ్యాసం. ఇంగ్లండు వెళ్లి మానవ హక్కుల మీద రాస్తే రాజద్రోహం కేసు పెట్టారు. ఫ్రాన్సు వెళితే అక్కడా జైలు. మతం మీద రాసినందుకు అమెరికాలోనూ మొహం చూడనివాళ్లయ్యారు. 1809లో న్యూయార్కులో చనిపోతే పూడ్చడానికి వెళ్లినవాళ్లు పట్టుమని పదిమంది లేరు. 1819లో విలియం కాబెట్ అనే ఇంగ్లీషు రచయిత ఘనంగా సమాధి కట్టిస్తానని ఆ ఎముకలు తవ్వి ఇంగ్లండు పట్టుకుపోయాడు. సమాధీ కట్టలేదు, ఎముకలూ ఏమయ్యాయో లేదు.

పుస్తకాలు మాత్రం ఓడలెక్కి తిరిగాయి. 1847 ప్రాంతంలో పూణేలో జోతిరావు ఫూలే అనే ఇరవయ్యేళ్ల యువకుడి చేతికి పెయిన్ మానవ హక్కుల పుస్తకం వచ్చింది. 1873లో ఆయన మరాఠీలో రాసిన గులాంగిరి, బానిసలను విడిపించిన అమెరికా ప్రజలకు అంకితం. ఆ ఏడాదే సత్యశోధక సమాజం పెట్టాడు. ఆ సమాజానికి బొంబాయిలో వెన్నుదన్నుగా నిలిచినవాళ్లలో మనవాళ్లున్నారు. కట్టడాల కాంట్రాక్టులు చేసుకుని అక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్లు, మరాఠీవాళ్లు కామాఠీలనేవాళ్లు. రామయ్య వెంకయ్య అయ్యవారు, జయా కరాడి లింగు, వ్యంకూ బాళాజీ కాళేవార్. మరాఠీ చరిత్ర పుస్తకాల్లో ఈ పేర్లు మరాఠీ ఉచ్చారణలో ఉంటాయి. మొదటిసారి చదివినప్పుడు వీళ్లు మనవాళ్లేనని నేనే పోల్చుకోలేదు. అయ్యవారు అన్న మాట రెండోసారి పైకి చదివాక తెలిసింది.